పేలెందుకు టీచరుగారూ, పాలుండగా!

నాగావళికి దగ్గర్లో ఉన్న ఒక ఊరి హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పే టీచరుగారి ఉత్తరం ఇది. నాలుగు పేజీలు రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. రోజూ శ్రీకాకుళం నుంచి బస్సులో వెళ్లి వస్తారట. ఏడో తరగతిలో 41 మంది పిల్లలు. పాఠంలో వచ్చే కొత్త మాటలు పదేసి సార్లు రాయించినా మర్నాటికి ఒక్కటీ గుర్తుండటం లేదని, ఈ ఏడాది ఆవిడ ఒక కిటుకు మొదలుపెట్టారు. ఇంగ్లిష్ మాటకి శబ్దంలో దగ్గరగా ఉండే తెలుగు మాట ఒకటి పట్టుకోవడం, రెండింటినీ కలిపి ఒక బొమ్మ చెప్పడం. ‘అబాండన్’ అంటే ‘ఆ బండన్’ నడిరోడ్డు మీద వదిలేసి పోవడం. ‘ఈగర్’ అంటే బెల్లం మీదికి ఈగ వెళ్లేంత ఆత్రం. ‘వీప్’ అంటే వీపు మీద ఒక్కటి పడితే వచ్చే ఏడుపు. ఇంగ్లిష్ పీరియడ్ అంటే మొహాలు వేలాడేసుకునే పిల్లలు గంట కొట్టకముందే పుస్తకాలు తీసి కూర్చోవడం మొదలుపెట్టారట.

అలా సాగుతుండగా ‘పేల్’ వచ్చింది. పేలు రక్తం తాగేస్తే మనిషి పాలిపోతాడని చెప్పారు టీచరుగారు. సరిగ్గా అప్పుడే రెండో బెంచీలో ఒక పాప తల గోక్కుంటోంది. వెనక నుంచి ఎవడో ఆ పాపని చూపించి ‘పేల్!’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. ‘నాకూ నవ్వొచ్చింది’ అని రాసి, ఆ వాక్యం కింద గీత గీశారు. ఆ రోజు నుంచి కుళాయి దగ్గరా, మధ్యాహ్న భోజనం వరసలోనూ ఆ పాప పేరు ‘పేల్’ అయిపోయింది. ఆరు రోజులుగా బడికి రావడం లేదు. వాళ్లమ్మ కరువు పని (ఉపాధి హామీ కూలి పని) నుంచి నేరుగా బడికొచ్చి, ‘మా గుంట తల్లో పేలున్నాయని మీ బుక్కులో రాసున్నాదేటమ్మా?’ అని అడిగి వెళ్లింది. హెడ్మాస్టరుగారు ‘ఈ వేషాలు మానేసి పుస్తకంలో ఉన్నది చెప్పండి’ అన్నారు. తెలుగు మాస్టారు రెండు భాషలూ భ్రష్టు పడుతున్నాయని స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ అన్నారు. ఇది చాలదన్నట్టు పరీక్షలో ‘అబాండన్’కి ఒకడు ‘పెద్ద రాయి’ అని రాశాడు, ముగ్గురు ‘ఈగర్’కి ‘ఈగ’ అని రాశారు. ‘వీప్’ స్పెల్లింగు సగం మంది ‘డబ్ల్యూ’ బదులు ‘వి’తో మొదలుపెట్టారు.

‘ఈ పద్ధతి మానేయాలా? ఆ పాప మొహం ఎలా చూడాలి?’ అని ఉత్తరం ముగించారు.

టీచరుగారూ, చివర అడిగిందే ముందు తీసుకుంటాను. పద్ధతి సంగతి వారం ఆగినా మునిగిపోయేది లేదు. ఆ పాప ఇంట్లో కూర్చున్న ప్రతి రోజూ మాత్రం ఆ పేరు ఇంకాస్త గట్టిపడుతుంది.

క్లాసులో అందరి ముందూ ఆ పాపకి సారీ చెప్పాలని మీకు అనిపిస్తూ ఉండొచ్చు. మంచి మనసుతో చేసేదే. కానీ పన్నెండేళ్ల పిల్లని నలభై మంది చూపుల ముందు మళ్లీ నిలబెట్టడం అవుతుంది. మీ మనసు తేలికపడుతుంది, ఆ పిల్లది పడదు. పోనీ ఏమీ అనకుండా ఊరుకుంటే పిల్లలే మర్చిపోతారా అంటే, మర్చిపోరు. మీరు బొమ్మతో కట్టి మరీ ఇచ్చిన మాట అది. మీ పద్ధతి పనిచేస్తుందనడానికి అంతకన్నా రుజువేం కావాలి చెప్పండి! నాతో ఐదో తరగతి చదివినవాడికి అప్పట్లో ఒక పేరు పడింది. వాడి అసలు పేరేమిటో పెళ్లి శుభలేఖ చూశాకగానీ నాకు తెలియలేదు.

నేనైతే వాళ్లింటికి వెళ్తాను. ఒక సాయంత్రం బస్సు తప్పినా పరవాలేదనుకుని వెళ్లండి. ‘తప్పు నాదేనమ్మా, నేనూ నవ్వాను’ అని ఆ తల్లితో చెప్పండి. పాపతో ప్రత్యేకంగా ఏమీ చెప్పనక్కర్లేదు, తలుపు చాటు నుంచి అన్నీ వింటూనే ఉంటుంది. ఒట్టి చేతులతో ఎలా వెళ్లడం అనుకుని పేల దువ్వెనో షాంపూ పొట్లమో మాత్రం తీసుకెళ్లకండి. ఆవిడ నాలుగు మాటలు అంటే పడండి. ‘టీచరమ్మే ఇంటికొచ్చినాది’ అన్న కబురు వీధంతా తిరుగుతుంది, మర్నాటికి మీ క్లాసుకీ చేరుతుంది. ఇక ఆ పాపని ఆ పేరుతో పిలిచేవాడు కాస్త వెనకా ముందూ చూసుకుంటాడు. ఒకళ్లిద్దరు అయినా పిలుస్తారనుకోండి. వాళ్లని పక్కకి పిలిచి చెప్పండి, క్లాసులో వద్దు.

క్లాసులో చేయాల్సింది ఇంకొకటుంది. ఆ పాప పేరు ఎత్తకుండా, ‘ఆ రోజు నేనిచ్చిన గుర్తు బాగాలేదు, కొట్టేయండి’ అని అందరి నోటుబుక్కుల్లోనూ కొట్టేయించండి. కొట్టేయించి కొత్తది ఇవ్వండి. కొత్తది మీ వాక్యంలోనే ఉంది, మీరు చూసుకోలేదు. ‘పేల్’ అంటే పాలిపోయిన. ‘ప’కారం, ‘ల’కారం రెండూ అర్థంలోనే ఉన్నాయి. ‘మొహం పాలిపోయిందేమిటే’ అని అమ్మలూ అమ్మమ్మలూ రోజూ అనే మాటేగా. ఇంత దగ్గర్లో పాలుండగా పేల దాకా ఎందుకు వెళ్లారు? ఎందుకంటే పేలంటే నవ్వొస్తుంది, పాలంటే రాదు. మీతో నా పేచీ అక్కడే.

పిల్లలు నవ్వారంటే మాట ఎక్కిందనుకుంటాం. ఎక్కింది బొమ్మ. ‘పెద్ద రాయి’ అని రాసిన కుర్రాణ్ణి చూడండి. వాడు సగం దూరం సరిగ్గానే వచ్చాడు, ‘అబాండన్’ వినగానే బండ దాకా వచ్చి ఆగిపోయాడు. ఎందుకు ఆగాడు? మీ బొమ్మలో బండ పెద్దదిగా ఉంది, వదిలేసి పోయే మనిషి లేడు. అదే బొమ్మని ఇలా చెప్పి ఉంటే? ఒకాయన చెమటలు కక్కుతూ బండని తోసుకొస్తున్నాడు. నడిరోడ్డు మీద ఆగాడు. ‘ఇక నా వల్ల కాదు’ అని చేతులు దులుపుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పోతున్నాడు. వెనక లారీ హారన్ కొడుతోంది. ఇప్పుడు కళ్లకి కనబడేది ఆ పోతున్న మనిషి వీపు. ఈగ విషయమూ అంతే. ఈగ కాదు కనబడాల్సింది, దాని తొందర.

ఈ పద్ధతి మీరొక్కరే కనిపెట్టింది కాదు, కాబట్టి ‘వేషాలు’ అన్నందుకు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో అట్కిన్సన్, రా అనే ఇద్దరు 1975లో దీని మీద ప్రయోగం చేసి ప్రచురించారు. కాలేజీ పిల్లలకి మూడు రోజుల్లో, రోజుకి 40 చొప్పున, 120 రష్యన్ మాటలు నేర్పారు. శబ్దానికి దగ్గరగా ఉండే ఇంగ్లిష్ మాటని గుర్తుగా పెట్టుకున్నవాళ్లు పరీక్షలో 72 శాతం చెప్పగలిగారు. మామూలుగా నేర్చుకున్నవాళ్లు 46 శాతం చెప్పారు. హెడ్మాస్టరుగారికి చూపించదగ్గ లెక్కే. కాకపోతే ఆ లెక్కకి రెండో సగం ఉంది, దాన్ని దాచకండి. ఆరు వారాల తర్వాత చెప్పాపెట్టకుండా మళ్లీ పరీక్ష పెడితే 72 కాస్తా 43కి దిగింది. రెండోవాళ్లది 28. అంటే గుర్తు పెట్టుకున్నవాళ్లే అప్పటికీ ముందున్నారు, కానీ వాళ్లకీ బాగానే కారిపోయింది. ఒకసారి బొమ్మ చెప్పి నవ్వించి వదిలేస్తే కొన్నాళ్లకి బొమ్మా ఉండదు, మాటా ఉండదు.

అట్కిన్సన్ రాసినదాంట్లో మీకు పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది. గుర్తుగా పెట్టుకునే మాటని నేర్పేవాళ్లు ఇవ్వడం మేలు, బొమ్మని మాత్రం నేర్చుకునేవాళ్లే ఊహించుకోవడం మేలు అంటాడు. కాలేజీ పిల్లల మీద తేలిన సంగతి ఏడో తరగతికి అచ్చంగా అతకదేమో గానీ, మీ చిక్కుకి మాత్రం ఇదే మందనిపిస్తోంది నాకు. ‘వీపు’ అనే మాట మీరివ్వండి. ఎవరి వీపు, కొట్టింది ఎవరు, ఎందుకు కొట్టారు, ఇవన్నీ పిల్లల బుర్రలోనే ఉండనివ్వండి. ‘కళ్లు మూసుకోండి, ఎవరికీ చెప్పకండి, ఒక నిమిషం చూసుకోండి’ అనండి. ఒకడు వాళ్ల నాన్న చేతిలో తిన్న దెబ్బ చూసుకుంటాడు, ఇంకొకడు మీ వీపే చూసుకుంటాడేమో! చూసుకోనివ్వండి. బయటకి రాని బొమ్మతో ఎవర్నీ ఏడిపించలేరు. క్లాసులో నవ్వు తగ్గుతుంది, ఆ మాట ముందే చెబుతున్నాను. కొన్నాళ్లు పీరియడ్ చప్పగా ఉన్నట్టు మీకే అనిపిస్తుంది.

తెలుగు మాస్టారి సంగతి. ఆయన్ని ఒకటే అడగండి, ‘మాస్టారూ, గణాలు ఎలా చెబుతారు?’ అని. ‘యమాతారాజభానసలగం’ అంటారు. వరసగా మూడేసి అక్షరాలు తీసుకుంటూ పోతే, యమాతా య గణం, మాతారా మ గణం, తారాజ త గణం, అలా సలగం దాకా ఎనిమిది గణాలూ వచ్చేస్తాయి. ఉత్పలమాలకి ‘భరనభభరవ’ చదవనివాడు మన హైస్కూళ్లలో ఎవడున్నాడు? ఏ నెలకి 31 రోజులో చూసుకోవడానికి పిడికిలి కణుపులు లెక్కపెట్టనివాళ్లు ఎవరున్నారు? కొండగుర్తులు లేకుండా మన చదువెప్పుడు సాగింది?

అయితే గొడవ పడటానికి వెళ్లకండి, నేర్చుకోవడానికి వెళ్లండి. ‘యమాతా’లో ఒక గొప్పతనం ఉంది. గుర్తూ అదే, విషయమూ అదే. ‘యమాతా’ అని పలికితేనే లఘువు, గురువు, గురువు నోటికి తెలిసిపోతాయి. మధ్యలో సంబంధం లేని బండా ఈగా ఏమీ లేవు. మీ ‘పేల్ – పాలిపోవు’ ఆ జాతిది, ‘పేల్ – పేలు’ కాదు. అలాంటివి దొరికినప్పుడల్లా ముందు అవే తీసుకోండి. దొరకనప్పుడే బండలూ ఈగలూ. ఇంకో సంగతి, మాస్టారు కూడా ఒప్పుకుంటారు. ‘భరనభభరవ’ గడగడా అప్పజెప్పి, పద్యపాదం ఇస్తే గణాలు విడగొట్టలేక దిక్కులు చూసే పిల్లలు ఆయన క్లాసులోనూ బోలెడుమంది. మీ ‘పెద్ద రాయి’ కుర్రాడికి వాళ్లు అన్నదమ్ములే.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను. విజయనగరం జిల్లాలో పనిచేసేటప్పుడు, ఉపాధి హామీ పనులు కొత్తగా వచ్చిన రోజుల్లో, ‘డ్రౌట్’ చెప్పాల్సి వచ్చింది. నీళ్లు అవుట్ అయిపోతే డ్రౌట్, అంటే కరువు అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. వారం తర్వాత అడిగితే అందరూ ‘కరువు’ అని ఒక్క గొంతుతో చెప్పారు. ఎందుకో అనుమానమొచ్చి, ‘కరువంటే ఏమిట్రా?’ అన్నాను ముందు వరసలో ఒకణ్ణి. ‘సెరువు తవ్వడం సార్. మాయమ్మ రోజూ ఎల్తాది’ అన్నాడు. వాడి ఇంట్లో ‘కరువు పని’ తప్ప వేరే కరువు మాటే వినలేదు మరి. ఇంగ్లిష్ నుంచి తెలుగు దాకా వంతెన బ్రహ్మాండంగా కట్టాను. అవతలి గట్టున ఏముందో చూసుకోలేదు. అప్పటి నుంచి అర్థం చెప్పాక ఒక వాక్యం వాళ్ల చేత చెప్పించనిదే ఇంకో మాటకి వెళ్లలేదు. తెలుగులో చెప్పినా సరే. ‘కిందటేడు వానల్లేక మా ఊళ్లో ఊడ్పులు కాలేదు, డ్రౌట్’ అంటే చాలు.

గుర్తుకి పుస్తకాల తెలుగే అక్కర్లేదు, వాళ్లింట్లో మాట్లాడే తెలుగు మేలు. పక్కవాడి యాసని వెక్కిరించే పిల్లలుంటే, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మీ జిల్లాలోనే అని గుర్తుచేయండి. ఆగస్టు 29న ఎలాగూ ఆయన ఫొటోకి దండ వేస్తారుగా. ‘ఆంబుల్’ అంటే మెల్లగా నడవడం. దానికి ‘అంబలి’ ఇచ్చి చూడండి. కడుపు నిండా చోడి అంబలి తాగి గట్టు మీద నెమ్మదిగా నడిచే తాత ఆ ఊళ్లో ప్రతి పిల్లకీ ఉంటాడు.

ఇక మానేయాలా వద్దా. మానేస్తే హెడ్మాస్టరుగారితో గొడవుండదు, ఆ తల్లీ ఇంకేమీ అనదు. కానీ మళ్లీ పదేసి సార్లు రాయించడమే. పిల్లలు ముందు ఒక అక్షరాన్ని పది వరసల్లో నిలువుగా దించేసి, తర్వాత రెండో అక్షరం దించుతారు. మీరూ చూసే ఉంటారు. చేయి కదులుతుంది గానీ మాట మనసుకి తగలదు. ఇప్పుడున్నట్టే సాగిస్తే ఇంకో ‘పేల్’ వస్తుంది, ఈసారి తల్లి ఒక్కతే రాదు. పిల్లలనే గుర్తులు కూడా కనిపెట్టమంటే? వాళ్లకి సరదాగా ఉంటుంది. కాకపోతే బూతు మాటలొస్తాయి, కులం పేర్లొస్తాయి, పక్కవాడి ఇంటిపేరొస్తుంది. పన్నెండేళ్ల పిల్లలు కదా! అది చేయాలనుకుంటే ముందే ఒక షరతు పెట్టండి. ఒళ్లు, రంగు, కులం, పేరు, ఇంట్లోవాళ్లు చేసే పని, వీటి జోలికి వెళ్లిన గుర్తు చెల్లదు. షరతు మీకూ వర్తిస్తుంది. అయినా ఈ ఏడాదికి ఆ ప్రయోగం వద్దేమో, ఆ క్లాసులో గాయం ఇంకా పచ్చిగా ఉంది.

నాకు తోచింది నాలుగో దారి. పద్ధతి ఉంచండి, వాడకం తగ్గించండి. పాఠంలో పది కొత్త మాటలుంటే రెండు మూడింటికే గుర్తులు. కళ్లకి కట్టే మాటలకే అవి పనికొస్తాయి. ‘ఆల్దో’ (అయినప్పటికీ) లాంటి మాటకి బొమ్మెలా గీస్తారు? ‘అన్‌హ్యాపీ’, ‘అన్‌టైడీ’ లాంటి వాటికి ‘అన్’ ఏం చేస్తుందో ఒకసారి చెబితే చాలు. స్పెల్లింగు మాత్రం ఈ కిటుకుతో రాదు, అది ముందే ఒప్పేసుకోండి. చెవి గుర్తుపెట్టుకునేది వేరు, చేయి గుర్తుపెట్టుకునేది వేరు. గుర్తు చెప్పిన వెంటనే బోర్డు మీద ‘డబ్ల్యూ’ని రంగు సుద్దముక్కతో రాయండి. పెదాలు గుండ్రంగా చేసి పలికించండి. ‘వీపు’కి పెదవి పళ్లకి తగులుతుంది, ‘వీప్’కి తగలదు అని పిల్లల చేతే చూపించండి. అది మాత్రం రాయించండి, మూడు సార్లు చాలు.

ఆ తర్వాతిదే అసలు పని. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ జర్నలిస్టు 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది, కాణీ ఖర్చు లేదు. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయిగా, వాటిని ముక్కలుగా కత్తిరించండి. ఒక వైపు ఇంగ్లిష్ మాట, వెనక అర్థం, ఒక వాక్యం. స్వీటు డబ్బాలు మూడు. కొత్త కార్డులన్నీ మొదటి డబ్బాలో. దాన్ని రోజూ తీయాలి. సరిగ్గా చెబితే కార్డు రెండో డబ్బాలోకి వెళ్తుంది, దాన్ని వారానికి రెండుసార్లు తీస్తారు. అక్కడా చెబితే మూడోది, అది పదిహేను రోజులకోసారి. ఎక్కడ తప్పినా కార్డు మళ్లీ మొదటి డబ్బాకే. నలుగురైదుగురికి కలిపి ఒక సెట్టు చాలు, పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు పోతాయంతే. మొదటి డబ్బాలో బండ గుర్తు చేసుకోవచ్చు. మూడో డబ్బాకొచ్చేసరికి బండ అడగకండి, నేరుగా అర్థం అడగండి. రైలు దిగినవాడు ఊరికి కొత్తయితే కొండ చూసి దారి పట్టుకుంటాడు, నాలుగుసార్లు వచ్చాక కొండకేసి చూడనైనా చూడడు. పిల్లలదీ అదే దారి.

హెడ్మాస్టరుగారి దగ్గరికి వాదనతో వెళ్లకండి, గడువు అడగండి. ‘సార్, నెల రోజులివ్వండి. పది మాటలు నా పద్ధతిలో, పది మాటలు మామూలుగా రాయించి చెబుతాను. మూడు వారాలయ్యాక చెప్పకుండా పరీక్ష పెడదాం, పేపరు మీరే దిద్దండి’ అనండి. తెలివిగా తేలిక మాటలన్నీ మీ వైపు వేసుకోకుండా, ఏ మాట ఎటో చీటీలు తీయండి. ఫలితం మీకు ఎదురు తిరగొచ్చు. తిరిగితే ఆయన చెప్పినట్టే చేయాలి, ఆ మాట ముందే ఇవ్వండి. ఆయన ఇప్పుడే వద్దంటే, కార్డుల డబ్బాలకి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా, అవి మొదలుపెట్టేయండి.

ఇక పాప తిరిగి వచ్చిన రోజు. ఏ ప్రత్యేకతా వద్దు. ముందు బెంచీకి మార్చకండి, పొగడకండి. అందరికీ కార్డులిచ్చినట్టే ఇవ్వండి. వీలైతే ఆ రోజు ‘పేల్’ కార్డు కట్టలోంచి తీసి పక్కన పెట్టండి, పది రోజులాగి మిగతావాటితో కలిపేద్దురు గాని. ఎప్పుడో ఒకసారి అది ఆ పాప చేతిలోనూ పడుతుంది. ‘పాలిపోయిన’ అని చెబితే, సరే అని కార్డు రెండో డబ్బాలో వేయించండి. ఏం బొమ్మ అనుకుందో మాత్రం అడక్కండి.